గ్రౌండు పుస్తకంలో మొదటి పేరు గరికది

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు వైపు ఊరండి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఖోఖో ఆడుతుంది, పరుగు కూడా బాగా తీస్తుంది. ఊరు మొత్తానికి మా హైస్కూలు గ్రౌండు ఒక్కటే మైదానం. పొద్దున్న నడిచేవాళ్ళు, సాయంత్రం క్రికెట్ కుర్రాళ్ళు, కోతలప్పుడు ధాన్యం, పెళ్ళిళ్ళప్పుడు కార్లు, అప్పుడప్పుడు మీటింగులు, అన్నీ అక్కడే. పోయిన నెల వానల్లో కూడా ఆడుతూనే ఉన్నారు. దానికి తోడు ఒక ఫంక్షనుకి జనరేటరు లారీ లోపలికొచ్చింది. ఇప్పుడు మధ్యలో గడ్డి లేదు, గాడులే ఉన్నాయి. హెడ్మాస్టరుగారు "నేనెవర్ని కాదనగలనమ్మా" అంటున్నారు. కుర్రాళ్ళేమో "గ్రౌండు అందరిదీ కదండి, ఇంక పుస్తకంలో రాసుకుని ఆడాలా?" అంటున్నారు. సంక్రాంతికి పది రోజుల టోర్నమెంటు పెడతామని కూడా అంటున్నారు. నేను స్కూలు కమిటీలో మెంబర్ని కాబట్టి గ్రౌండుకి ఒక పద్ధతి పెట్టే పని నాకే అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంకొక్క మాట. బడి వదిలాక చీకటి పడేదాకా గ్రౌండు ఆడపిల్లలకి ఇవ్వమని అడగాలని ఉంది. కమిటీలో ఉండి నా కూతురి కోసం అడిగినట్టు అవుతుందేమోనని ఆగిపోయాను.

సమాధానం:

అమ్మా, గ్రౌండు ఎవరికి ఎప్పుడివ్వాలన్నది తర్వాత చూద్దాం. ముందు మీరొక పని చెయ్యాలి. ఈ ఆదివారం పొద్దున్నే ఒక పార పట్టుకుని గ్రౌండుకి వెళ్ళండి. ప్రహరీ వారన, ఎవరూ తొక్కని మూల చూసుకుని, జానెడు లోతున గడ్డితో సహా ఒక పెళ్ళ తీయండి. రెండో పెళ్ళ మధ్యలో, గడ్డి పోయిన చోటికి అంచున తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చేత్తో విరిచి చూడండి.

గోడవారన తీసింది గుల్లగా విరుగుతుంది. లోపల సన్న బెజ్జాలు, వానపాములు తిరిగిన దారులు కనిపిస్తాయి. గరిక వేర్లు తెల్లగా అడుగుదాకా దిగి ఉంటాయి. మధ్యలో తీసింది విరగదు, పలకల్లా పొరలుగా ఊడుతుంది. పైన రెండు వేళ్ళ మందం అట్టగట్టి ఉంటుంది. దాని కింద మట్టి నల్లగా ఉండాల్సింది బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుక్కాలువ వాసన కొడుతుంది. మిగిలిన నాలుగు వేర్లూ కిందికి దిగలేక ఆ అట్ట మీదే పక్కలకి పాకి ఉంటాయి. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్ళు ఈ గోదావరి డెల్టాలోనే పనిచేశాను. ఏ ఊరి గ్రౌండులో పార వేసినా ఈ రెండు పెళ్ళలే చూశాను.

వరి పండించే ఊరికి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాట్లకి ముందు మడిలో నీళ్ళు పెట్టి దమ్ము ఎందుకు చేస్తాం? మట్టిలో గాలి ఆడే బెజ్జాలన్నీ మూసుకుపోవాలని, పెట్టిన నీరు కిందికి ఇంకకుండా మడిలో నిలవాలని. మన బంకమట్టి గుణమే అది. తడి మీద తొక్కితే నలిగి రేణువుకి రేణువు అతుక్కుపోతుంది, ఎండితే ఇటుకవుతుంది. వరికి అదే కావాలి, గరికకి మాత్రం ఊపిరాడదు. వాన వెలిసిన సాయంత్రం ఇరవైమంది కుర్రాళ్ళు గంటన్నర పరుగులు పెట్టారంటే గ్రౌండుకి దమ్ము పట్టినట్టే. ఇక జనరేటరు లారీ అంటారా, ట్రాక్టరుకి దమ్ము చక్రాలు కట్టి తోలినదానికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ తర్వాత కురిసిన ప్రతి వానకీ నీరు ఇంకకుండా నిలుస్తుంది. నీరు నిలిచిన చోట గరిక పోయి తుంగ మొలుస్తుంది. గ్రౌండులో తుంగ కనిపిస్తే పీకించే ముందు నీరు ఎక్కడ నిలుస్తోందో వెతకండి.

అందుకే గ్రౌండుని పాడుచేసేది ఎక్కువసార్లు ఆడటం కాదని నా నమ్మకం. ఆడకూడని నాలుగైదు రోజుల్లో ఆడటమే దాన్ని పాడుచేస్తుంది. పొడి నేల మీద నెల రోజుల ఆట చేసే నష్టం కన్నా తడి నేల మీద ఒక్క సాయంత్రం చేసే నష్టం ఎక్కువ. మీరు పెట్టబోయే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడాలి.

నా చేతి మీదుగా జరిగినదే చెబుతాను. ఒక ఏడాది అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు. అయిదో రోజు ఊళ్ళో ఒక సభ ఉంది. గేటు తాళం నా దగ్గరే. నిర్వాహకులు వచ్చి "ఒక్క లారీయే కదా మాస్టారూ, కుర్చీలు దింపేసి వెళ్ళిపోతుంది" అన్నారు. మొహమాటపడి తాళం ఇచ్చేశాను. లారీ దిగబడితే ట్రాక్టరు తెచ్చి లాగారు. ఆ గాడులు మోకాలి సగం లోతున అలాగే ఉండిపోయాయి. సంక్రాంతి నాటికి ఎండి, అంచులు కత్తుల్లా నిలబడ్డాయి. ఫిబ్రవరిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పరుగు పందానికి సాధన చేస్తుంటే పాదం ఆ గాడిలో పడి చీలమండ మెలితిరిగింది. ఆ ఏడాది మళ్ళీ పరుగెత్తలేదు. పిల్లని భుజాన వేసుకుని వరండాలోకి తెచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. "మాస్టారూ, జోనల్స్ పోటీలకి తగ్గిపోద్దాండీ?" అని అడిగింది. తగ్గలేదు. ఆ రోజు నుంచి ఒకటి తెలుసుకున్నాను. "నేనెవర్ని కాదనగలను" అనే పరిస్థితిలో ఒక మనిషిని నిలబెట్టడమే తప్పు. మీ హెడ్మాస్టరుగారి మీద కోపం తెచ్చుకోకండి. కాదనే పని ఆయన మీద నుంచి తీసేసి నేల మీద పెట్టండి.

ఎలాగంటే, గేటు దగ్గర ఒక పుస్తకం పెట్టండి. గట్టి అట్ట ఉన్న పొడుగు రిజిస్టరు చాలు. రోజుకి ఒక పేజీ. ప్రతి పేజీలో మొదటి గడి గరికది. ఆ గడిలో "తెరిచి ఉంది" అనో "మూసి ఉంది" అనో రాశాకే మిగతా గడుల్లో పేర్లు పడాలి. ఎవరు బుక్ చేసుకున్నా, డబ్బు కట్టినా, ఎంత పెద్దమనిషి అడిగినా, మొదటి గడిలో "మూసి ఉంది" అని ఉంటే ఆ రోజుకి అంతే. కుర్రాళ్ళకి కూడా ఇలాగే చెప్పండి: గ్రౌండు అందరిదే, ఆ అందరిలో గరిక ఒకటి, దానికీ ఒక వంతు ఉండాలి.

మొదటి గడి ఎలా నింపాలో చూడండి. పొద్దున్న ఆరు లోపు చెప్పులు విప్పి మూడు చోట్లకి వెళ్ళాలి: ఆట ఎక్కువ జరిగే మధ్యభాగం, బౌలర్లు పరుగెత్తుకొచ్చే చోటు, గ్రౌండులో అన్నిటికన్నా పల్లపు మూల. మడమ ఆనించి బలంగా నొక్కాలి. చుట్టూ నీరు ఊరితే మూసివేత. నీరు ఊరకపోయినా మడమ గుర్తు వేలి మందం కన్నా లోతుగా దిగితే మూసివేత. అనుమానంగా ఉంటే గుప్పెడు మట్టి తీసి పిసికి చూడాలి. అరచేతికి అంటుకుని ముద్దయితే ఇంకా పదునుకి రాలేదన్నమాట. పొడిపొడిగా విడిపోతే తెరవచ్చు. దుక్కికి పదును చూడటం తెలిసిన రైతు మీ ఊళ్ళో ఇంటికొకరుంటారు. వాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. మూడు చోట్లలో ఒక్కటే తడిగా ఉంటే ఆ భాగం చుట్టూ తాడు కట్టి మిగతాది తెరవండి. మూసిన రోజు గేటుకి ఎర్రగుడ్డ కట్టండి. సాయంత్రం బ్యాట్లు పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు మీ ఇంటికి రానక్కర్లేదు, గుడ్డ చూసి వెనక్కి తిరుగుతారు.

ఈ పరీక్ష చేసేవాళ్ళు ముగ్గురుండాలి. ఒకరు పొద్దున్నే ఎలాగూ వచ్చే నడక బృందంలో వాళ్ళు. ఒకరు మీ పీఈటీ మాస్టారు. మూడోవాడు క్రికెట్ కుర్రాళ్ళలో అందరూ మాట వినేవాడు. అతణ్ణి తప్పకుండా పెట్టండి. తన మడమ కింద నీరు ఊరడం తనే చూసినవాడు వాదనకి రాడు, మిగతావాళ్ళకి మీకన్నా బాగా చెప్పుకోగలడు కూడా. ముగ్గురిలో ఇద్దరు కాదంటే మూసినట్టే.

ఇక మిగతా గడులు. ముందుగా గ్రౌండు ఎవరి పేరున ఉందో రాతమూలకంగా తేల్చుకోండి. మన ఊళ్ళలో హైస్కూలు గ్రౌండు అని పిలుచుకునే స్థలం జిల్లా పరిషత్తుది కావచ్చు, పంచాయతీది కావచ్చు, కొన్నిచోట్ల దేవస్థానం భూమి కూడా కావచ్చు. సర్వే నంబరు పట్టుకుని ఊరి సచివాలయంలో అడిగితే తెలుస్తుంది. బడిదే అయితే స్కూలు యాజమాన్య కమిటీ తీర్మానం రాయండి. పంచాయతీదైతే పంచాయతీ తీర్మానం కూడా కావాలి. నోటిమాట మీద పెట్టిన పద్ధతి హెడ్మాస్టరు బదిలీతో పోతుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే బడికి ఆటస్థలం ఉండాలని ఉంది. కాబట్టి బడి వేళల్లో, పిల్లల డ్రిల్లు పీరియడ్లలో గ్రౌండు ఇంకెవరికీ ఇవ్వకూడదని ఆ తీర్మానంలో మొదటి వాక్యంగా రాసుకోండి. దాని తర్వాత పిల్లల జట్ల సాధన, దాని తర్వాత ఊరి జట్లు, చివర బయటివాళ్ళ టోర్నమెంట్లు, ఫంక్షన్లు.

వారానికి ఎన్ని గంటలు ఇవ్వచ్చని అడుగుతారు. నా అనుభవంలో మన బంకమట్టి గ్రౌండు పొడి కాలంలో వారానికి పన్నెండు నుంచి పదిహేను గంటల గట్టి ఆట తట్టుకుంటుంది. వానాకాలంలో అందులో సగం కూడా కష్టం. గోదావరి మధ్య ఉండే లంక భూముల్లో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి కొంచెం ఎక్కువే ఇవ్వచ్చు. ఈ లెక్కన పుస్తకంలో వారానికి ఎన్ని గడులు గీయాలో మీకే తెలుస్తుంది. గడులు అయిపోతే ఆ వారానికి అయిపోయినట్టే. రాయించుకుని రెండుసార్లు రానివాళ్ళు పక్షం రోజులు వరస చివరికి వెళ్ళాలి. ఈ ఒక్క నియమం లేకపోతే ఉత్తుత్తి పేర్లతో పుస్తకం నిండిపోతుంది.

ఫంక్షన్లకీ టోర్నమెంట్లకీ డిపాజిట్ తీసుకోండి. ఇచ్చేముందు రోజూ, ఖాళీ చేసిన రోజూ అవే నాలుగు మూలల నుంచి ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. డబ్బు కమిటీ ఖాతాలోనే పడాలి, రసీదు ఇవ్వాలి. ఎవరి చేతిలోనూ నగదు ఉండకూడదు. గ్రౌండు డబ్బు మీద మాట వచ్చిందంటే గ్రౌండు సంగతి అందరూ మర్చిపోతారు. వాహనం ఏదైనా గేటు దాటి గడ్డి మీదికి రాకూడదు. షామియానా మేకులు, స్టేజీ, వంట పొయ్యిలు అన్నీ బడి వైపు గట్టి నేల మీదే. భోగి మంట గడ్డి మీద వేయనివ్వకండి. మంట వేసిన చోట నేల కూడా కాలి, ఆ మచ్చ మళ్ళీ వానలొచ్చేదాకా పూడదు. గీతలు గీయడానికి కాలిన ఇంజనాయిలు పోస్తుంటారు కొందరు. గీత ఉన్నంత మేరా గడ్డి చచ్చిపోతుంది. ముగ్గుపిండి వాడమనండి, చవక, పిల్లల కళ్ళలో పడినా సున్నంలా మండదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కాగితం మీద మీ గ్రౌండు బొమ్మ గీయండి. ఎండ ఎక్కడ బాగా పడుతుందో, కొబ్బరిచెట్ల నీడ ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టండి. గరికకి నిండు ఎండ కావాలి, నీడలో ఎంత కష్టపడినా నిలవదు. కాబట్టి ఆ నీడ పట్టుని గడ్డి అక్కర్లేని ఆటలకి రాసిచ్చేయండి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే చోట గడ్డి ఎలాగూ ఉండదు. వాటిని గ్రౌండు మధ్యలో తిప్పుతూ ఆడిస్తే గ్రౌండంతా బోడి నేలవుతుంది. ఖోఖో కోర్టుకి 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, చుట్టూ కొంచెం ఖాళీ కావాలి. కబడ్డీకి 13కి 10, వాలీబాల్‌కి 18కి 9. ఒక పక్కన వరసగా ఈ మూడూ పట్టేస్తాయి. ఆ పట్టు జానెడు ఎత్తు చేసి, పైన లంక ఇసుక కలిసిన ఒండ్రు వేయించండి. వాన వెలిసిన రెండో రోజుకే ఆరుతుంది. మైదానం మూసిన రోజు కూడా మీ అమ్మాయి ఖోఖో ఆగదు.

నడిచేవాళ్ళు రోజూ ఒకే గీత మీద నడుస్తారు, అది దారి పడిపోతుంది. వాళ్ళని తప్పు పట్టక్కర్లేదు, ప్రహరీ చుట్టూ ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పున మెట్ట గ్రావెల్ దారి వేయించండి. నడక బృందాల్లో రిటైరైనవాళ్ళు, వ్యాపారులు ఉంటారు. దారి తమ కోసమే అయితే ఖర్చుకి ముందుకొస్తారని నా అనుభవం. క్రికెట్ పిచ్ ఇరవై రెండు గజాలు ఒక పక్కకి జరిపి, ఒక్క చోటే ఉంచండి. దాన్ని ఎంత రోలింగ్ చేసుకున్నా ఫర్వాలేదు, పిచ్‌కి గట్టిదనమే కావాలి. రోలరు మాత్రం అవుట్‌ఫీల్డ్ మీదికి రాకూడదు, తడి ఉన్నప్పుడు అసలే వద్దు.

ధాన్యం సంగతి జాగ్రత్తగా మాట్లాడండి. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు మొదలయ్యాయి. మిషను కోసిన గింజ పచ్చిగా వస్తుంది, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. మబ్బు పట్టిన రోజున రైతు తన ఏడాది కష్టాన్ని ఎక్కడ ఆరబోసుకుంటాడు? ఆయనని గ్రౌండులోకి రావద్దనే ధైర్యం నాకు లేదు, మీరూ అనకండి. బడి ముందు గట్టి నేల, నడక దారి, కోర్టుల పట్టు ధాన్యానికి ఇవ్వండి. గడ్డి మీద బరకం (టార్పాలిన్) పరిస్తే రెండు రోజుల్లో కింద గరిక ఉడికి పసుపురంగుకి తిరుగుతుందని చెప్పండి. సార్వాకి ఇన్ని రోజులు, దాళ్వాకి (రెండో పంటకి) ఇన్ని రోజులు అని రైతులనే కూర్చోబెట్టి పుస్తకంలో ముందే రాయించండి. పెద్దల పేర్లు పుస్తకంలోకి ఎక్కితే కుర్రాళ్ళకీ రాయించుకోవడం నామోషీ అనిపించదు.

సంక్రాంతి టోర్నమెంటుకి అడ్డుపడకండి. జనవరిలో మన నేల ఏడాది మొత్తంలో గట్టిగా, పొడిగా ఉండే రోజుల్లో ఉంటుంది, అట్టగట్టే భయం తక్కువ. అయితే చలికి గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి అప్పుడు ఊడిన గడ్డి మార్చి దాకా పూడదు. పది రోజుల్లో రెండు రోజులు ఖాళీ వదలమనండి. ఇప్పుడున్న గాడుల్ని టోర్నమెంటు లోపు వాళ్ళచేతే సరిచేయించండి. నేల పదును మీద ఉన్నప్పుడు గాడి రెండు అంచుల్నీ గునపంతో గుల్ల చేసి లోపలికి లాగాలి, పైన ఇసుక ఒండ్రు చల్లాలి. ఊరికే లోతులో మట్టి పోసి తొక్కితే కింద అట్ట అలాగే ఉండి మళ్ళీ అక్కడే నీరు నిలుస్తుంది. ఈ పని వాళ్ళ కాళ్ళ కోసమే. ఎండిన గాడి ఎవరి చీలమండనైనా విరుస్తుంది.

గరిక తిరిగి రావాలంటే మాత్రం దానికి ఆషాఢం ఇవ్వాలి. కొత్తకోడల్ని ఆషాఢంలో పుట్టింటికి పంపుతాం కదా, అలాగే జూలై ఒకటి నుంచి ఆగస్టు 14 దాకా ఆరు వారాలు గడ్డి మైదానం పూర్తిగా మూసేయండి. ఆ రోజుల్లో ఎలాగూ సగం దినాలు ఎర్రగుడ్డే. ఎండా వేడీ వానా కలిసొచ్చే ఆ కాలంలో గరిక పాకినంత వేగంగా ఇంకెప్పుడూ పాకదు. ఆగస్టు పదిహేను జెండా వందనం నాడు పిల్లల కవాతుతో మళ్ళీ తెరవండి. ముందే చెప్పిన తేదీ కాబట్టి ఎవరికీ అన్యాయం జరిగిందనిపించదు.

ఆ ఆరు వారాల్లో మొదటి వారమే అసలు పని. బోడి అయిన చోట్ల గునపంతో అరడుగు ఎడంగా, బెత్తెడు లోతున గుంటలు పొడిపించండి. వాటిలో ముతక ఇసుక, బాగా చివికిన కొబ్బరి పొట్టు ఎరువు కలిపి నింపండి. కోనసీమలో కొబ్బరి పొట్టుకి కరువేముంది, కానీ పచ్చి పొట్టు వేయకండి, అది కుళ్ళుతూ మట్టిలోని సారాన్ని లాక్కుంటుంది. ఇసుక వేస్తే బంక తగ్గుతుందని ఎవరైనా ఒక లారీ ఇసుక తెచ్చి పైన కలిపి దున్నమంటే ఒప్పుకోకండి. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. గుంటల్లోకి, పైన పల్చటి పొరగా, ఏడాదికొకసారి, అంతే.

గడ్డి ఎక్కడిదంటారా? రైతు చేలో నుంచి తిట్టుకుంటూ పీకి గట్టు మీద పారేసే గరికే. మీ ఊరి బోదెల గట్ల మీద కావలసినంత ఉంది. తీగల్ని రెండు మూడు కణుపులుండేలా తుంచి, అరడుగు ఎడంతో ఒక కణుపు మట్టిలో, ఒక కణుపు పైన ఉండేలా గుచ్చండి. వినాయకుడి పూజకి కోసుకొచ్చే ఆ పోచే ఆరేడు వారాల్లో నేలని కప్పేస్తుంది, ఎవరూ తొక్కకపోతే. గుచ్చిన పది రోజులకి ఎకరానికి ఇరవై కిలోల యూరియా, అంటే అరబస్తా కన్నా తక్కువే, తేలికపాటి జల్లు ఉన్న రోజు చల్లండి. రెండు అంగుళాలకి కోస్తూ ఉండండి, మూడు దాటనివ్వకండి, ఒక్కసారే బోడిగా గొరగకండి. గట్ల మీద కొట్టే గడ్డి మందు గ్రౌండులో వద్దు, అది తుంగతో పాటు గరికనీ చంపుతుంది. వానాకాలంలో గేదెల్ని లోపలికి రానివ్వకండి. వేసవిలో కాలువలు కట్టేశాక గడ్డి గోధుమరంగుకి తిరిగితే కంగారుపడి తాగునీళ్ళు పోయకండి. తీగ బతికే ఉంటుంది, తొలకరికి చిగురిస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. నీరు బయటికి పోయే దారి లేకపోతే పైన రాసినవన్నీ వృథా. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, గ్రౌండు అలాగే ఉండి పళ్ళెంలా తయారవుతుంది. పక్కన చేపల చెరువులుంటే అడుగు నుంచి ఊట కూడా తోడవుతుంది. ప్రహరీ లోపల చుట్టూ అడుగు లోతు బోదె తీయించి ఒక తూము ద్వారా మురుగు కాలువలోకి కలపండి. ఆ మురుగు కాలువలో గుర్రపుడెక్క నిండి ఉంటే ముందు అది తీయించమని అర్జీ పెట్టండి. మధ్యభాగం అంచుల కన్నా అడుగు ఎత్తుంటే నీరు దానంతటదే జారుతుంది, కానీ అది చాలా మట్టితో, చాలా ఖర్చుతో కూడిన పని. మొదటి ఏడాది బోదె, తూము సరిపోతాయి.

ఇక మీరు చివర, కొంచెం బెరుగ్గా అడిగిన మాట. అడగండమ్మా. కుర్రాళ్ళు లైట్లు కట్టుకుని రాత్రి పదింటి దాకా ఆడుకోగలరు. ఆడపిల్లలకి ఉన్నది బడి వదిలిన గంటకీ చీకటికీ మధ్య ఆ కాస్త వెలుగే. నవంబరులో అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022 కామన్వెల్త్ క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారం తెచ్చాడు. బ్యాడ్మింటన్‌కి నాలుగు గోడల మధ్య కోర్టు చాలు. పరుగెత్తే పిల్లకి మైదానమే కావాలి, అది వెలుగుండగానే కావాలి. మీ అమ్మాయి పేరుతో అడగకండి. ఖోఖో జట్టు, పరుగుల పిల్లలు, పక్క వీధుల నుంచి గోడమీద కూర్చుని చూసి వెళ్ళిపోయే పిల్లలు, అందరి పేర్లూ రాయించి, వాళ్ళ తల్లులచేత సంతకాలు పెట్టించి ఇవ్వండి. కమిటీలో ఆ కాగితం చర్చకి వచ్చినప్పుడు, నా కూతురు ఇందులో ఉంది కాబట్టి నేను ఓటు వేయనని చెప్పి పక్కకి జరగండి. దాంతో ఎవరూ వేలెత్తి చూపలేరు.

మీటింగుకి వెళ్ళేటప్పుడు ఆదివారం తీసిన రెండు మట్టిపెళ్ళల్నీ తడిగుడ్డలో చుట్టి ఒక పళ్ళెంలో పట్టుకెళ్ళండి. ముందు ఏమీ మాట్లాడకుండా బల్లమీద పెట్టి, క్రికెట్ కుర్రాళ్ళనీ రైతుల్నీ విరిచి వాసన చూడమనండి. తర్వాత పుస్తకం తెరవండి. మొదటి గడిలో గరిక. రెండో గడిలో ఆ పిల్లలు.